"మీరు మరీ ముందుగా వచ్చారు" అనడానికి తెలుగులో మాటేది?

అనువాదాల అవస్థ | శనివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. ఒక చిన్న వాక్యం దగ్గర రెండు రోజులుగా ఇరుక్కుపోయాను. ఒక క్లినిక్ వాళ్ళ టోకెన్ యాప్‌కి తెలుగు రాస్తున్నాను. ఇచ్చిన టైం కంటే అరగంటకి మించి ముందొచ్చి ఎవరైనా "నేను వచ్చాను" అన్న బటన్ నొక్కితే యాప్ ఒప్పుకోదు. అప్పుడు తెరమీద ఒక మాట కనపడాలి. నాకు ముందే ఇచ్చిన మెషీన్ అనువాదం ఇది: "మీరు చాలా ముందుగా ఉన్నారు."

మా అమ్మకి చూపించాను. "అంటే క్యూలో అందరికంటే నేనే ముందా?" అని సంబరపడింది. సరేనని "మీరు చాలా తొందరగా వచ్చారు" అని మార్చాను. "మెల్లగా నడిచి రావాల్సిందంటావా?" అంది.

లేటుగా వచ్చినవాళ్ళకి రాయాల్సిన వాక్యం అర నిమిషంలో అయిపోయింది. ముందొచ్చినవాళ్ళకే మాట దొరకడం లేదు. రెండు వరసల్లో పట్టాలి, పెద్దవాళ్ళకి అర్థం కావాలి, మొహం మీద కొట్టినట్టు ఉండకూడదు. సాయం చేయండి.


బెజవాడ బాబాయి | శనివారం, ఉదయం 10:31

దీనికింత టెన్షన్ ఎందుకు తమ్ముడూ? "పెందలాడే వచ్చారు" అని రాసెయ్. అచ్చ తెలుగు మాట, ఒక్క మాట. పని అయిపోయింది.


ఉప్పుచేప | శనివారం, ఉదయం 10:34

బాబాయ్, నాకు ఇరవై ఆరేళ్ళు. పెందలాడే అన్న మాట మా నాయనమ్మ నోట తప్ప ఇంకెక్కడా వినలేదు. యాప్‌లో కనపడితే ఏదో ఊరి పేరనుకుంటా.


గోదారిగట్టు | శనివారం, ఉదయం 11:05

మా వైపు పెందరాళే అంటాం. పుస్తకాల్లో పెందలకడ. మూడూ ఒకటే. కానీ బాబాయి గారూ, అర్థం దగ్గర చిన్న మెలిక ఉందండి. పెందలాడే అనేది ఎప్పుడూ మెచ్చుకోలు మాటే. "పెందలాడే లేచి చదువుకో", "పెందలాడే భోంచేసి పడుకోండి", "చీకటి పడితే దారి బాగోదు, పెందలాడే బయల్దేరండి". ఎక్కడైనా "ఛ, పెందలాడే వచ్చి చచ్చాడు" అని విన్నారా? నేనైతే వినలేదు. రావాల్సిన దాని కంటే ముందొస్తే మంచిదే అనుకునే చోట వాడే మాట అది. ఇక్కడ కావలసింది "ముందొచ్చారు, కాబట్టి ఇబ్బంది" అనే మాట. పెందలాడే రాస్తే పేషెంట్లు పొగుడుతున్నారనుకుని ఇంకో అరగంట ముందొస్తారు.


బెజవాడ బాబాయి | శనివారం, ఉదయం 11:09

ఒప్పుకుంటున్నా. మా నాన్న "పెందలాడే వచ్చావే!" అన్నాడంటే ఆ రోజు జేబులోంచి రూపాయి బయటికొచ్చేది.


మానేరు ఒడ్డు | శనివారం, ఉదయం 11:40

మా దిక్కు "జల్ది" అంటరు. కానీ దాంతోటి గూడ ఇదే పంచాది. జల్ది నడువు అంటే స్పీడు, జల్ది లెవ్వు అంటే పొద్దుగాల లెవ్వమని. తొందరగాకు ఉన్న రోగమే జల్దికి గూడ ఉన్నది. టైం కంటె ముంగట ఎవలన్న అస్తే మేం అనే మాట ఒకటే: "గప్పుడే అచ్చినవా?" అందులో అంత ఉన్నది. నువ్వు ముందుగాల అచ్చినవ్, నేను ఇంక తయారు గాలె, నాకు ఆశ్చర్యమైంది, అన్ని.


సిక్కోలు సీతాఫలం | శనివారం, మధ్యాహ్నం 12:02

మా శ్రీకాకుళంలో "బేగి". బేగి రా, బేగెల్లు. మళ్ళీ అదీ తొందరలాంటిదే. ముందొచ్చేసినోళ్ళని మాత్రం "అప్పుడే ఒచ్చేసినావేటి?" అంటాం. మానేరు అన్న చెప్పింది కరెక్టు. ఎక్కడికెళ్ళినా "అప్పుడే"నే.


తెలుగు మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 2:20

భోజనం చేసి కూర్చున్నాను, కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందుగా ఆ మెషీన్ చేసిన తప్పు. అది "చాలా" అని రాసింది. చాలా అంటే ఎక్కువ అనే గాని హద్దు దాటిందని కాదు. "పులుసు చాలా పుల్లగా ఉంది" అంటే ఇంకో గరిటె వేయించుకోవచ్చు. "మరీ పుల్లగా ఉంది" అంటే ఇక వద్దని. హద్దు దాటడానికి మనకున్న మాట "మరీ". కాబట్టి మాటకి మాట కావాలంటే "మరీ ముందొచ్చారు" అనాలి. అది తప్పు కాదు. కానీ గొంతులో విసుగు వినపడుతుంది.

ఇక "అప్పుడే". ఇది నిజంగా ముచ్చటైన మాట. అప్పుడు అంటే ఆ పొద్దు. ఇప్పుడు, ఎప్పుడు కూడా అలా పుట్టినవే, తమిళంలో అప్పొళుదు అంటే మన అప్పుడుకి తోడబుట్టిందే. దానికి "ఏ" తగిలిస్తే అప్పుడే. ఈ ఒక్క మాట కనీసం నాలుగు పనులు చేస్తుంది. "అప్పుడే చెప్పాను, విన్నావా?" అంటే ఆనాడే అని. "డబ్బు కట్టు, అప్పుడే ఇస్తాను" అంటే ఆ తరువాతే, ముందు కాదు అని. "అప్పుడే పుట్టిన దూడ", "అప్పుడే దించిన ఇడ్లీ" అంటే ఆ క్షణాన్నే. నాలుగోది మన చర్చకి వచ్చింది: "అప్పుడే పదయిందా?", "అప్పుడే పెళ్ళేమిటి పిల్లకి?" ఇందులో కాలం లెక్క కంటే మాట్లాడేవాడి మనసు ముఖ్యం. నేననుకున్న దానికంటే ముందు జరిగిపోయింది, అని ఆశ్చర్యం. ఒక్కోసారి ఆక్షేపణ.

"ఇప్పటికే"తో పోల్చి చూడండి. "రైలు ఇప్పటికే వెళ్ళిపోయింది" అంటే వార్త. "రైలు అప్పుడే వెళ్ళిపోయిందా!" అంటే ప్లాట్‌ఫాం మీద సంచీ పట్టుకుని నిలబడ్డవాడి గొంతు. అనువాదాల్లో ఈ తేడా రోజూ గల్లంతవుతోంది, అన్నిచోట్లా ఇప్పటికే, ఇప్పటికే. వార్తల్లో సరే. కథలో పాత్ర కూడా "నువ్వు ఇప్పటికే తిన్నావా?" అంటుంటే అన్నం సహించదు నాకు.

ఇంకొకటి గమనించారా? మూడో అర్థానికీ నాలుగో అర్థానికీ మధ్య తేడా చూపించేది చాలాసార్లు క్రియే. "నేను వెళ్ళేసరికి అతను అప్పుడే వచ్చాడు" అంటే ఆ నిమిషాన అడుగు పెట్టాడని. "అప్పుడే వచ్చేశాడు" అంటే అనుకున్నదానికంటే ముందే అని. వచ్చేయడం, తినేయడం, వెళ్ళిపోవడం తగిలాయంటే అక్కడ నాలుగో అర్థం రావడానికి దారి పడ్డట్టే.


బెంగుళూరు కాఫీ | శనివారం, మధ్యాహ్నం 2:51

మాస్టారూ, కన్నడంలో అచ్చం ఇలాగే ఉంది! "ఆగ" అంటే అప్పుడు, "ఆగలే" అంటే అప్పుడే. ముందొచ్చినవాళ్ళని "ఆగలే బందుబిట్రా?" అంటారు. ఇల్లు మారిన కొత్తలో ఒకటో తారీకు పొద్దున్నే అద్దె ఇవ్వడానికి వెళ్తే మా ఓనరమ్మ అదే అంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.


మైలాపూర్ మామిడి | శనివారం, మధ్యాహ్నం 3:15

తమిళంలో ఇంకో దారి. "అదుక్కుళ్ళ వందుట్టీంగళా?" అంటారు. అంటే "అంతలోపే వచ్చేశారా?" అని. మనకీ ఉందిగా "అంతలోనే". కన్నడం, తమిళం, తెలుగు మూడింట్లోనూ వెనకాల ఆ "వచ్చేయడం" లాంటి క్రియే ఎక్కువగా వస్తోంది, చూశారా.


అనువాదాల అవస్థ | శనివారం, మధ్యాహ్నం 3:40

మాస్టారూ, దండాలు. కానీ నా కష్టం ఇంకా తీరలేదు. "అప్పుడే వచ్చేశారా?" అని క్లినిక్ యాప్ అడిగితే ఎలా ఉంటుంది? జ్వరంతో వచ్చినాయన ఫోను నేలకేసి కొడతాడు.


పులిహోర పుల్లమ్మ | శనివారం, సాయంత్రం 4:22

అదే కదా అసలు సంగతి. "అప్పుడే" వెళ్ళేవాళ్ళతో అంటే మర్యాద, వచ్చేవాళ్ళతో అంటే అమర్యాద. "అప్పుడే వెళ్ళిపోతారా? కాఫీ అయినా తాగలేదు" అంటే ఎంత బాగుంటుంది. అదే గుమ్మంలో తలుపు తీసి "అప్పుడే వచ్చేశారా?" అంటే ఇక ఆ చుట్టరికం చూసుకోనక్కర్లేదు.

నా అనుభవం చెప్తా. పెళ్ళయిన కొత్తలో మా ఆయన తరఫు పెద్దమ్మగారు భోజనానికి పిలిచారు. "పన్నెండింటికల్లా వచ్చేయండి" అన్నారు. ఈయన మిలిటరీ టైపు, పదకొండుంపావుకి గుమ్మంలో ఉన్నాం. పెద్దమ్మగారు తలకి తువ్వాలు చుట్టుకుని తలుపు తీశారు. చేతికి శనగపిండి. వెనకాల హాల్లో నేల తడిగా ఉంది, కుర్చీలన్నీ బోర్లించి మంచమ్మీద పెట్టారు, పనమ్మాయి తడిగుడ్డ పట్టుకుని మమ్మల్ని చూసి ఆగిపోయింది. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ నోట "అప్పు..." వరకూ వచ్చింది, నేను నా చెవులతో విన్నాను. మింగేసి, "అప్పుచ్చి అన్నయ్య కూడా వస్తున్నాడమ్మా, రండి రండి" అన్నారు. అప్పుచ్చి అన్నయ్య ఎవరో ఈ రోజుకీ మాకు తెలియదు. ఆ రోజు ఆయన రాలేదు.


ఉప్పుచేప | శనివారం, సాయంత్రం 4:25

అప్పుచ్చి అన్నయ్య 😂😂 ఇక ఈ గ్రూపులో ముందొచ్చినవాళ్ళని అలాగే పిలుద్దాం.


డాలస్ దొండకాయ | శనివారం, సాయంత్రం 6:10

ఇక్కడ మాకు రెండు రకాల గడియారాలండి. మనవాళ్ళని ఆరింటికి పిలిస్తే ఏడున్నర. ఆఫీసులో అమెరికావాళ్ళని పిలిస్తే ఆరంటే ఆరే. మొదటిసారి పాప పుట్టినరోజుకి పిలిచినప్పుడు ఆరింటికి బెల్లు కొడితే మా ఆవిడ లోపల్నుంచి తెలుగులో అరిచింది, "అప్పుడే ఎవరు దాపురించారు?" అని. వచ్చిన అమెరికా ఆయనకి మాట అర్థం కాలేదు గానీ ఆ గొంతు మాత్రం అర్థమైంది, "కార్లో కూర్చుంటాలే" అన్నాడు పాపం.


నిఘంటు పురుగు | శనివారం, రాత్రి 8:03

నాకు ఇంకో అనుమానం. ఆలస్యానికి మనకి ఎన్ని మాటలు! ఆలస్యం, జాప్యం, జాగు, తాత్సారం, ఇప్పుడు లేటు. సంస్కృతంలో ఆలస్యం అంటే సోమరితనం, మనం దాన్ని తెచ్చుకుని వేళ మించడానికి వాడుకుంటున్నాం. మరి దీనికి ఎదురు నామవాచకం ఏది? "మీ ఆలస్యం వల్ల" అనగలం. "మీ ... వల్ల" అని ముందొచ్చినవాడిని ఏ మాటతో తిట్టాలి? ఖాళీ. "మీరు ముందు రావడం వల్ల" అని చుట్టూ తిరిగి రావాలి.


బెజవాడ బాబాయి | శనివారం, రాత్రి 8:11

అవసరం పడలేదు నాయనా. ముందొచ్చినవాడు ఉంటేగా పేరు పెట్టడానికి.


మానేరు ఒడ్డు | శనివారం, రాత్రి 8:30

ముందస్తు ఉన్నది గదా! 2018 సెప్టెంబర్ 6న తెలంగాణ అసెంబ్లీ రద్దయి, డిసెంబర్ 7న ఓట్లు పడ్డయి. ఆ మూడు నెలలు టీవీల ఒకటే మాట, "ముందస్తు"కు పోతరా, "ముందస్తు" ఎవలికి లాభం అని. ఎన్నికలు అన్న మాటనే తీసేసిన్రు, ఉత్తగ ముందస్తు అంటె సాలు. అంటే నామవాచకం అయినట్టే గదా, మాస్టారు?


తెలుగు మాస్టారు | శనివారం, రాత్రి 8:47

అయినట్టే. విశేషణం ఒంటరిగా నిలబడి పేరైపోయింది. అయితే ముందస్తులో పొరపాటున ముందు రావడం లేదు, కావాలని ముందుకు జరపడం ఉంది. ముందస్తు బెయిలు, ముందస్తు చర్యలు, ముందస్తు అరెస్టులు, అన్నీ ఎవరో ఆలోచించి చేసేవే. బస్టాండుకి గంట ముందొచ్చిన ముసలాయన ముందస్తు కాదు.


ఉప్పుచేప | శనివారం, రాత్రి 8:52

2003లోనూ ముందస్తుకి వెళ్ళి 2004లో


నిర్వాహకుడు | శనివారం, రాత్రి 8:53

రాజకీయాలు ఇక్కడికి చాలు. మాట గురించి మాట్లాడుకుందాం.


ఉప్పుచేప | శనివారం, రాత్రి 8:54

ఇంకా ఏమీ అనలేదు సార్, అప్పుడే ఆపేశారు!


నల్లరేగడి | ఆదివారం, ఉదయం 6:15

నేను రైతును. పొద్దున్నే చదివాను ఇదంతా. పొలం పనిలో మీరు వెతికే మాట వేరే తీరుగా ఉంటుంది. మేం "ముందు" అనం, "లేటు" అనం. "అదును" అంటాం. అదునుకు ముందు విత్తినా నష్టమే, అదును దాటాక విత్తినా నష్టమే. అదును అంటే క్యాలెండరు తేదీ కాదు. భూమిలో పదును, అంటే సరిపడా తడి, ఉండాలి, వాన వెనక వాన వచ్చే సూచన ఉండాలి, అప్పుడది అదును.

2025 సంగతి చెప్తా. నైరుతి మామూలుగా జూన్ 1కి కేరళను తాకాలి. ఆ ఏడు మే 24కే తాకింది, 2009 తర్వాత అంత ముందు రావడం అదే. మే నెల పోకముందే మా తెలంగాణలోకి కూడా వచ్చేసింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగలాలి, మాకు బురద అంటింది. మిరుగు, అదే మృగశిర కార్తె, రాకముందే వానలంటే అందరికీ ఆశ. పత్తికి 60–70 మిల్లీమీటర్లు పడి, నేల లోపలి దాకా తడిసేవరకు గింజ పెట్టొద్దని వ్యవసాయ అధికారులు ఏటా చెప్తూనే ఉంటారు. నాకు తెలుసు. తెలిసి కూడా రెండెకరాలు పెట్టాను.

తర్వాత ఏమైంది? మే నెలాఖరు నుంచి రుతుపవనం నిలబడిపోయింది, జూన్ సగం దాకా కదల్లేదు. నా గింజ పగిలింది, వేలెడు ఎత్తు రెండాకులు వచ్చాయి. పైన నాలుగు వేళ్ళ మట్టి ఎండింది. పొద్దున చూస్తే ఆకు నిటారుగా ఉండేది, మధ్యాహ్నానికి వాలేది, మర్నాడు పొద్దున కూడా లేవలేదు. వేలితో గీరితే లోపల వేరు దారంలా గోధుమ రంగు తిరిగి ఉంది. మా నాయన గట్టు మీద నిలబడి తిట్టలేదు, ఏమీ అనలేదు. "అప్పుడే వద్దంటిని కదరా" అన్నాడు అంతే. మళ్ళీ ప్యాకెట్లు కొన్నాను, మళ్ళీ కూలీలను పిలిచాను.

పేపర్లో "అకాల వర్షం" అని రాస్తారు. అది వేరు. మార్చిలో, ఏప్రిల్లో మామిడి పిందె రాలగొట్టేది, కల్లంలో వడ్లు తడిపేది అకాల వర్షం. అది కాలం కాని కాలంలో వచ్చేది. మే చివర పడ్డ వాన అకాలం కాదు, కాలానిదే. తొందరపడింది వాన కాదు, నేను.


గోదారిగట్టు | ఆదివారం, ఉదయం 7:02

చదువుతుంటే కడుపులో దేవినట్టయిందండి. "అకాలం" గురించి మీరు చెప్పింది నిఘంటువులో ఉండాలి.


నిఘంటు పురుగు | ఆదివారం, ఉదయం 7:40

నల్లరేగడి గారూ, అదును మాట మా అమ్మ వంటింట్లో కూడా వాడుతుంది, పాకం అదును తప్పిందంటుంది. అరిసెల పాకం మరీ ముందు దించితే పిండి జారిపోతుంది. అక్కడా అంతే, ముందు-వెనక కాదు, అదును.


చిట్టి తల్లి నాన్న | ఆదివారం, ఉదయం 9:30

ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి. ఇవాళ రాయాలనిపించింది.

ముందొచ్చినవాళ్ళకి నామవాచకం లేదన్నారు. ఉంది. "నెల తక్కువ." నెల తక్కువ వెధవ అని మనందరం తిట్టినవాళ్ళమే, నేను కూడా. స్కూల్లో నోట్సు తీసుకురానివాణ్ణి, క్రికెట్లో క్యాచ్ వదిలేసినవాణ్ణి. అర్థం ఏమిటో ఒక్కరోజు ఆలోచించలేదు.

మా పాప ముప్పై రెండో వారంలో పుట్టింది. ముప్పై ఏడు వారాలు నిండకపోతే నెలలు నిండని బిడ్డ అనే లెక్క. 1.6 కిలోలు. ఇరవై మూడు రోజులు అద్దాల పెట్టెలో. రోజుకి రెండుసార్లు గౌను, టోపీ వేసుకుని లోపలికి వెళ్ళి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, గుండ్రటి కన్నంలోంచి చెయ్యి పెట్టేవాణ్ణి. నా చూపుడు వేలు చుట్టూ దాని చెయ్యి పూర్తిగా చుట్టుకునేది కాదు. డాక్టరు ఎప్పుడూ "ప్రీటర్మ్ బేబీ" అనేది, నర్సులు "చిన్న బేబీ" అనేవారు. మా ఊరి నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన మాత్రం వరండాలో కూర్చుని, చెడ్డ ఉద్దేశం లేకుండానే, "నెల తక్కువదా?" అని అడిగాడు. మా ఆవిడ లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు దానికి ఆరేళ్ళు. బడికి రోజూ లేటే. ఆ తిట్టు మాత్రం మా ఇంట్లో ఎవరం వాడం.


పులిహోర పుల్లమ్మ | ఆదివారం, ఉదయం 9:48

పాపకి ముద్దులు. నేనూ ఈ పూట నుంచి మానేస్తున్నా.


సిక్కోలు సీతాఫలం | ఆదివారం, ఉదయం 10:20

పాప బాగుండాలి అన్నా.


తెలుగు మాస్టారు | ఆదివారం, ఉదయం 11:15

నలభై ఏళ్ళు పాఠం చెప్పాను, ఆ తిట్టు తరగతిలో ఎన్నిసార్లు వాడి ఉంటానో. ఇంతకంటే ఏమనను.

వేరే సంగతి, సామెతల్లో మన మాట ఉందా అని రాత్రి ఆలోచించాను. "ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం." ఆలు అంటే భార్య, చూలు అంటే గర్భం. రెండూ లేకుండానే బారసాల అయిపోయింది. "ఇల్లలకగానే పండగ కాదు" కూడా ఆ కోవదే. రెండింట్లోనూ "ముందు" అన్న మాట లేదు చూడండి. జరగాల్సింది ఇంకా జరగలేదనే చెప్తున్నాయి.


బెంగుళూరు కాఫీ | ఆదివారం, ఉదయం 11:30

వయసుకి మించి మాట్లాడే పిల్లల్ని "ముదురు" అంటాం. "పిందెలోనే పండింది" అంటాం. అవీ ముందొచ్చినవాటి లెక్కే కదా?


తెలుగు మాస్టారు | ఆదివారం, ఉదయం 11:34

లెక్కే. కాయల భాషలో మనకి కొరత లేదు, గడియారం భాషలోనే కొరత.


రాత్రి బస్సు | ఆదివారం, మధ్యాహ్నం 1:10

టాపిక్‌కి కాస్త పక్కనే గానీ చెప్పాలి. హైదరాబాదు నుంచి మా ఊరు పోయే బస్సు టికెట్ మీద ఉదయం 5:30 అని ఉంటుంది. మొన్న రోడ్డు ఖాళీగా ఉందని డ్రైవరు తెల్లారగట్ల మూడుంపావుకే దించేశాడు. బస్టాండులో నేను, రెండు కుక్కలు, టీ కొట్టు ముందు బోర్లించిన బకెట్టు. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న "అప్పుడేనా? అక్కడే కూర్చో, వస్తా" అన్నాడు. లేటైతే బస్సువాణ్ణి తిట్టొచ్చు. ముందు దించినందుకు ఏమని తిట్టాలి? నిఘంటు పురుగు గారి ఖాళీ నాకు ఆ రాత్రి బాగా అర్థమైంది, దోమలతో సహా.


ఓపీ కౌంటర్ | ఆదివారం, మధ్యాహ్నం 3:45

నేను పదకొండేళ్ళుగా ఒక ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాస్తున్నాను. మీరందరూ చాలా తెలివైనవాళ్ళు గానీ, ఈ మాట రోజుకి యాభైసార్లు అనేది నేను. అందుకని చెప్తున్నాను. మేం ఎవర్నీ "ముందొచ్చారు" అనం. ఎప్పుడూ అనం. పదకొండింటికి రమ్మంటే ఎనిమిదిన్నరకి వచ్చి కూర్చునే పెద్దవాళ్ళుంటారు. ఊరి నుంచి వచ్చే బస్సు ఆ టైముకే ఒకటుంటుంది, ఏం చేస్తారు పాపం. వాళ్ళని నువ్వు ముందొచ్చావంటే తప్పు చేశామని కంగారు పడతారు. "మళ్ళీ వెళ్ళి రావాలామ్మా?" అని అడుగుతారు.

మేం అనేది: "ఇంకా టైముందమ్మా, కూర్చోండి." లేకపోతే "మీ నంబరు ఇంకా రాలేదండీ." అంతే. మనిషి గురించి ఏమీ అనం, టైం గురించి అంటాం. టైము ఇంకా రాలేదు, అది వాళ్ళ తప్పు కాదు కదా.


తెలుగు మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 4:02

అమ్మా, నేను గంట కూర్చుని రాసినదాని కంటే మీ రెండు వాక్యాలు మేలు. సామెతల దగ్గర నేను తడుముకున్నది కూడా ఇదే. తెలుగులో ముందొచ్చేది మనిషి కాదు, వెనకబడ్డది వేళ. "ఇంకా పొద్దుంది", "ఇంకా వేళ కాలేదు". "ఇంకా"కి ఎదుట నిలబడేదే "అప్పుడే". ఇంటివాళ్ళం ఆశ్చర్యపోతే అప్పుడే అంటాం, ఎదుటివాళ్ళని కూర్చోబెట్టాలంటే ఇంకా అంటాం.


అనువాదాల అవస్థ | ఆదివారం, మధ్యాహ్నం 4:30

దొరికింది! ఓపీ కౌంటర్ గారూ, మీకు కాఫీ బాకీ. ఇలా రాస్తున్నాను: "మీ టైం ఇంకా రాలేదు. దయచేసి కూర్చోండి."


పులిహోర పుల్లమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 4:33

బాబూ ఆగు ఆగు ఆగు. ఆసుపత్రి ఇది. "మీ టైం ఇంకా రాలేదు" అని రాస్తే యముడు రాసినట్టుంటుంది!


మానేరు ఒడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 4:35

😂😂😂 "దయచేసి కూర్చోండి", యముడు మర్యాదస్తుడే.


బెజవాడ బాబాయి | ఆదివారం, మధ్యాహ్నం 4:41

మా మావయ్య అయితే "హమ్మయ్య" అని ఇంటికెళ్ళిపోతాడు.


ఓపీ కౌంటర్ | ఆదివారం, సాయంత్రం 5:10

నిజమేనండి, మా దగ్గర "టైం వచ్చింది", "టైం దగ్గరపడింది" అని కౌంటర్లో అనొద్దని సిస్టర్లు ముందే చెప్తారు. నంబరు మీద పెట్టండి. నంబరుతో ఎవరికీ గొడవ లేదు. ఎప్పుడు మళ్ళీ నొక్కాలో కూడా రాయండి, లేకపోతే ప్రతి రెండు నిమిషాలకీ ఫోన్ పట్టుకుని మా దగ్గరకే వస్తారు.


అనువాదాల అవస్థ | ఆదివారం, రాత్రి 9:40

చివరికి ఇది ఖాయం చేశాను:

"మీ నంబరుకి ఇంకా సమయం ఉంది.
10:30 తర్వాత ఇక్కడ నొక్కండి."

అమ్మకి చూపించాను. చదివింది. ఏమీ అనలేదు. గోడ గడియారం వైపు చూసి, "అప్పుడే తొమ్మిదిన్నరయిందా, అన్నం తిను" అంది. పాసైనట్టే అనుకుంటున్నా. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నల్లరేగడి గారూ, చిట్టి తల్లి నాన్న గారూ, మీరు రాసినవి యాప్‌లో పట్టవు గానీ, దాచుకున్నాను.


కొత్త సభ్యుడు 77 | మంగళవారం, ఉదయం 11:05

హాయ్ అండీ, ఇప్పుడే చూశాను ఈ ప్రశ్న. "పెందలాడే వచ్చారు" అంటే సరిపోతుంది కదా?


బెజవాడ బాబాయి | మంగళవారం, ఉదయం 11:06

రా నాయనా, కూర్చో. పైనుంచి చదువుకుంటూ రా.